దేశమంతటికీ ఒకే గంజాయి చట్టం: అమెరికాలో ఎందుకు కుదరడం లేదు?

(సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం. తడబాట్లను మాత్రమే తొలగించాం.)

మిత్రులందరికీ నమస్కారం. ఉపోద్ఘాతం పెట్టుకోకుండా ఒక లెక్కతో మొదలుపెడతాను. గంజాయి వాడకాన్ని చట్టబద్ధం చేయాలా అని గ్యాలప్ సంస్థ 1969లో అమెరికన్లను అడిగినప్పుడు, చేయాలన్నవారు నూటికి 12 మంది. అదే ప్రశ్న 2023లో అడిగితే, చేయాలన్నవారు నూటికి 70 మంది. ఆ తరువాత ఆ అంకె కొంత తగ్గింది కానీ, సగానికి బాగా పైనే ఉంది. 24 రాష్ట్రాలు వయోజనులకు గంజాయిని అనుమతించాయి. వైద్యం కోసం అనుమతించిన రాష్ట్రాలు అంతకంటే చాలా ఎక్కువ. అయినా ఫెడరల్ చట్టం, అంటే దేశమంతటికీ వర్తించే కేంద్ర చట్టం, 1970లో ఏమి చెప్పిందో, మూల విషయంలో ఇప్పటికీ అదే చెబుతోంది. ఎన్నికల మీద నడిచే దేశంలో ఇంతమంది కోరుకున్నది ఇన్నేళ్ళుగా ఎందుకు జరగడం లేదు?

దీనికి సులువైన జవాబు ఒకటుంది. నాయకులకు ధైర్యం లేదు, అంతే అంటారు. ఆ జవాబు నాకు సరిపోదు. ధైర్యం లేనివారు ఉన్నారు, నిజమే. కానీ దేశవ్యాప్తంగా అనుమతించాలని గట్టిగా కోరేవారే ఒకరి బిల్లును ఒకరు ఆపుకున్న సందర్భాలు ఉన్నాయి. ఎందుకంటే, అనుమతించాలా వద్దా అన్నది ఇక్కడ చిన్న ప్రశ్న అయిపోయింది. ఎవరు అమ్మాలి, ఎవరు పన్ను వసూలు చేయాలి, రాష్ట్ర సరిహద్దు దాటనివ్వాలా, ఇదివరకు జైలుకు వెళ్ళినవారికి ఏమి చేయాలి, ఇవీ పెద్ద ప్రశ్నలు. వీటికి జవాబు చెప్పకుండా కాంగ్రెస్, అంటే ప్రతినిధుల సభ, సెనేట్ ఉన్న అమెరికా చట్టసభ, ఊరుకుంటే ఏమీ జరగదని అనుకోకండి. జరుగుతుంది. కాంగ్రెస్ మౌనం కూడా ఒక విధానమే. దానికి లబ్ధిదారులు ఉన్నారు, బాధితులు ఉన్నారు. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా అదే.

కొంచెం వెనక్కి వెళదాం. 1919లో మద్యాన్ని దేశమంతటా నిషేధించాలనుకున్నప్పుడు అమెరికా ఏమి చేసింది? రాజ్యాంగాన్ని సవరించింది. ఎందుకు సవరించవలసి వచ్చింది? ఒక వస్తువును దేశమంతటా నిషేధించే అధికారం కాంగ్రెస్‌కు మామూలుగా లేదని ఆనాటి వారి అవగాహన. మరి గంజాయిని నిషేధించినప్పుడు రాజ్యాంగ సవరణ ఏది? లేదు. 1937లో దొడ్డిదారిన వచ్చారు. ఫెడరల్ మాదకద్రవ్యాల శాఖకు అధిపతిగా ఉన్న హ్యారీ ఆన్‌స్లింగర్ పట్టుబట్టి ముందుకు తెచ్చిన ఆ చట్టం, పేరుకు పన్ను చట్టం. పన్ను కట్టి ముద్ర తీసుకోవాలి. ముద్ర కోసం వెళ్ళితే నేరం ఒప్పుకున్నట్టే. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ తరఫున డాక్టర్ విలియం వుడ్‌వర్డ్ కాంగ్రెస్ కమిటీ ముందు ఆ బిల్లును వ్యతిరేకించారు. వినలేదు. ఈ మెలికను చూసే 1969లో సుప్రీంకోర్టు, తన మీద తానే సాక్ష్యం చెప్పుకునేలా చేసే ఇటువంటి పన్ను చెల్లదని తేల్చింది.

ఆ తీర్పు వచ్చిన మరుసటి ఏడాదే, అంటే 1970లో, నియంత్రిత పదార్థాల చట్టం వచ్చింది. ఇందులో మందులకు, మత్తుపదార్థాలకు ఐదు షెడ్యూళ్ళు ఉన్నాయి. దుర్వినియోగానికి అవకాశం ఎక్కువ, అంగీకృతమైన వైద్య ప్రయోజనం లేదు అన్నవి మొదటి షెడ్యూలులో ఉంటాయి. గంజాయిని హెరాయిన్‌తో పాటు అందులో పెట్టారు. కొకైన్ ఎక్కడ ఉందో తెలుసా? రెండో షెడ్యూలులో. అంటే కాగితం మీద గంజాయి కంటే కొకైన్ ఒక మెట్టు మంచిది. ఇది తాత్కాలికం అన్నారు, గమనించండి, తాత్కాలికం. ఒక జాతీయ కమిషన్ వేశాం, అది చెప్పాక చూద్దాం అన్నారు. పెన్సిల్వేనియా మాజీ గవర్నర్ రేమండ్ షేఫర్ అధ్యక్షతన ఆ కమిషన్ 1972లో నివేదిక ఇచ్చింది. సొంత వాడకం కోసం కొద్దిగా దగ్గర పెట్టుకోవడాన్ని నేరంగా చూడవద్దని సిఫారసు చేసింది. అధ్యక్షుడు నిక్సన్ దాన్ని తోసిపుచ్చారు. షేఫర్ కూడా ఆయన పార్టీవాడే, రిపబ్లికనే. తాత్కాలికంగా పెట్టిన చోటే అది అర్ధశతాబ్దం ఉండిపోయింది.

ఇప్పుడు రాష్ట్రాల వైపు చూద్దాం. ఫెడరల్ చట్టం నేరమంటుంటే రాష్ట్రాలు దుకాణాలకు లైసెన్సులు ఎలా ఇస్తున్నాయని చాలామంది అడుగుతారు. ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి రెండు సమాధానాలు ఉన్నాయి, రెండూ ఒకేసారి నిజం. మొదటిది, ఫెడరల్ ప్రభుత్వానికి నిషేధించే అధికారం ఉంది. కాలిఫోర్నియా 1996లో ఓటర్ల తీర్పుతో వైద్య గంజాయిని అనుమతించాక, ఈ విషయం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2005లో రైచ్ కేసులో, ఇంటి దగ్గర పెంచుకుని, ఇంట్లోనే వాడుకుని, డబ్బు చేతులు మారకపోయినా సరే, అంతర్రాష్ట్ర వాణిజ్యాన్ని నియంత్రించే అధికారం కింద కాంగ్రెస్ దాన్ని నిషేధించవచ్చని 6–3 ఆధిక్యంతో కోర్టు చెప్పింది. రెండోది, ఫెడరల్ చట్టాన్ని అమలు చేయమని రాష్ట్ర పోలీసులను ఆదేశించే అధికారం ఫెడరల్ ప్రభుత్వానికి లేదు. అది కూడా రాజ్యాంగమే. ఈ దేశంలో పోలీసులలో అత్యధికులు రాష్ట్రాల కింద, నగరాల కింద, కౌంటీల కింద ఉన్నారు. వాళ్ళు చేతులు కట్టుకుని కూర్చుంటే ఫెడరల్ నిషేధానికి కాళ్ళు లేవు. అధికారం ఒకరి దగ్గర ఉంది, బలగం మరొకరి దగ్గర ఉంది. 1996 నుంచి సాగిన కథంతా ఈ రెంటి మధ్య సందులో జరిగింది.

రాష్ట్రాలలో ఈ మార్పును తెచ్చింది మొదట్లో శాసనసభలు కాదు, ఓటర్లు. 2012లో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాల ప్రజలు నేరుగా ఓటు వేసి వయోజనులకు గంజాయిని అనుమతించారు. 2014 జనవరి 1న కొలరాడోలో అమ్మకాలు మొదలయ్యాయి. అయితే ప్రజలు ఓటు వేసినంత మాత్రాన పని పూర్తి కాదు. మిసిసిపీలో 2020లో వైద్య గంజాయికి ఓటర్లు భారీ ఆధిక్యం ఇచ్చారు. రాష్ట్ర సుప్రీంకోర్టు 2021లో దాన్ని కొట్టివేసింది. ఎందుకో తెలుసా? అటువంటి ప్రతిపాదనకు ఐదు కాంగ్రెస్ నియోజకవర్గాల నుంచి సంతకాలు రావాలని రాష్ట్ర రాజ్యాంగంలో ఉంది. ఆ రాష్ట్రానికి ఇప్పుడు ఉన్నవి నాలుగే. లేని ఐదో నియోజకవర్గం నుంచి సంతకాలు ఎవరు తేగలరు? ఫ్లోరిడాలో 2024లో ఓటు వేసినవారిలో సుమారు 56 శాతం అనుకూలంగా వేశారు, అయినా ఓడిపోయింది. అక్కడ 60 శాతం కావాలి.

రాజధాని సంగతి మరీ విడ్డూరం. వాషింగ్టన్ నగరవాసులు 2014లో వయోజనులు రెండు ఔన్సుల దాకా దగ్గర ఉంచుకోవచ్చని ఓటు వేశారు. కానీ ఆ నగర బడ్జెట్ మీద కాంగ్రెస్‌కు పెత్తనం ఉంది కాబట్టి, మేరీల్యాండ్ ప్రతినిధి ఆండీ హ్యారిస్ చొరవతో, అమ్మకాలకు నియమాలు రాయడానికి పైసా ఖర్చు పెట్టరాదని బడ్జెట్ బిల్లులో ఒక వాక్యం చేర్చారు. ఫలితంగా ఏమైంది? గంజాయి ఉండవచ్చు, ఇంకొకరికి ఉచితంగా ఇవ్వవచ్చు, వైద్యం పేరుతో తప్ప లైసెన్సు దుకాణంలో వయోజనుడు కొనడానికి మాత్రం వీలు లేదు. వెంటనే ఒక స్టిక్కరునో, టీషర్టునో పెద్ద ధరకు అమ్మి గంజాయిని కానుకగా ఇచ్చే దుకాణాలు పుట్టుకొచ్చాయి. వయసు తనిఖీ లేదు, నాణ్యత పరీక్ష లేదు, పన్ను లేదు. నియంత్రణను ఆపినవారు గంజాయిని ఆపలేదు, నియంత్రణను మాత్రమే ఆపారు. కాంగ్రెస్ మౌనం ఒక విధానమని నేను అన్నది ఇందుకే.

ఇక ఫెడరల్ ప్రభుత్వం ఈ రాష్ట్రాలతో ఎలా కాలక్షేపం చేస్తోంది? ఉత్తరాలతో. 2013లో న్యాయశాఖ ఉప అటార్నీ జనరల్ జేమ్స్ కోల్ ఒక మెమో రాశారు. పిల్లలకు చేరకుండా, నేరముఠాలకు డబ్బు పోకుండా, పక్క రాష్ట్రానికి పారకుండా చూసుకుంటే మీ జోలికి రాము అని దాని సారాంశం. కోట్ల డాలర్ల పెట్టుబడి ఆ ఉత్తరం మీద నిలబడింది. 2018 జనవరిలో అటార్నీ జనరల్ జెఫ్ సెషన్స్ దాన్ని ఒక్క పేజీతో ఎత్తేశారు. అప్పుడు కొలరాడో సెనేటర్ కోరీ గార్డ్‌నర్, ఆయనా రిపబ్లికనే, న్యాయశాఖ నియామకాలను సెనేట్‌లో అడ్డుకుని, చివరికి అధ్యక్షుడు ట్రంప్ నుంచి తన రాష్ట్రం జోలికి రారన్న హామీ తెచ్చుకున్నారు. వైద్య గంజాయికి కొంచెం గట్టి రక్షణ ఉంది. రాష్ట్రాల వైద్య కార్యక్రమాలను అడ్డుకోవడానికి న్యాయశాఖ డబ్బు ఖర్చు చేయరాదని 2014 చివరి నుంచి బడ్జెట్ బిల్లులో ఒక షరతు చేరుతోంది. అది కూడా ఏడాదికేడాది పునరుద్ధరించుకోవలసినదే. ఒక మెమో, ఒక మాట, ఒక బడ్జెట్ వాక్యం. ఇంత పెద్ద వ్యాపారానికి ఉన్న చట్టపరమైన పునాది ఇంతే.

దీని ఖర్చు ఎవరు భరిస్తున్నారు? మొదటిది పన్ను. 1981లో ఒక మత్తుమందుల వ్యాపారి తన వ్యాపార ఖర్చులను ఆదాయం నుంచి తగ్గించుకోవచ్చని పన్నుల కోర్టు చెప్పడంతో, మరుసటి ఏడాది కాంగ్రెస్ పన్నుల చట్టంలో 280ఈ అనే సెక్షన్ చేర్చింది. ఒకటి, రెండు షెడ్యూళ్ళలోని పదార్థాలతో వ్యాపారం చేసేవారు అద్దె, జీతాలు, ప్రకటనల వంటి ఖర్చులను తగ్గించుకోవడానికి వీల్లేదు. సరుకు ఖరీదు ఒక్కటే తగ్గించుకోవచ్చు. దొంగ వ్యాపారిని దృష్టిలో పెట్టుకుని రాసిన ఆ సెక్షన్ ఈనాడు ఎవరి మీద పడుతోంది? లైసెన్సు తీసుకుని, లెక్కలు రాసి, పన్ను రిటర్ను దాఖలు చేసేవాడి మీద. దొంగ వ్యాపారి రిటర్నే వేయడు కదా! చేతిలో నికరంగా ఏమీ మిగలకపోయినా ఫెడరల్ పన్ను కట్టవలసిన దుకాణాలు ఉన్నాయి. ఆ భారం ధరలోకి చేరుతుంది, ధర పెరిగితే కొనేవాడు లైసెన్సు లేనివాడి దగ్గరికి వెళతాడు.

రెండోది బ్యాంకులు. ఫెడరల్ చట్టం ప్రకారం నేరమైన వ్యాపారపు సొమ్మును ఖాతాలో వేసుకుంటే, అక్రమ ధన చలామణి కేసు తమ మెడకు చుట్టుకుంటుందని పెద్ద బ్యాంకులు దూరంగా ఉంటాయి. కొన్ని చిన్న బ్యాంకులు, క్రెడిట్ యూనియన్లు ఎక్కువ రుసుము తీసుకుని ఖాతాలు ఇస్తాయి. మిగతాదంతా నగదు. నగదు ఉన్న చోటికి దోపిడీలు వస్తాయి. దీన్ని సరిచేసే సేఫ్ బ్యాంకింగ్ బిల్లు 2019 సెప్టెంబరులో ప్రతినిధుల సభలో 321–103తో గెలిచింది. చూడండి, 321! ఈ రోజుల్లో ఏ విషయం మీదనైనా ఆ సభలో 321 ఓట్లు రావడం మాటలా? ఆ తరువాత కూడా ఆ సభ పలుమార్లు ఆమోదించింది. సెనేట్‌లో మాత్రం ఒక్కసారి కూడా గట్టెక్కలేదు.

ఎందుకు గట్టెక్కలేదు అన్నదే నాకు ఈ కథలో అన్నిటికంటే ఆసక్తికరమైన భాగం. రిపబ్లికన్ నాయకత్వం ఆపిందన్నది సగం నిజం. మిగతా సగం వినండి. 2021లో సెనేట్ పగ్గాలు డెమోక్రాట్ల చేతికి వచ్చాయి. బ్యాంకింగ్ బిల్లు ఒక్కదాన్నే ముందు ఆమోదిస్తే ఒప్పుకోమని చెప్పినవారు డెమోక్రాట్ సెనేటర్లు చక్ షూమర్, కోరీ బుకర్, రాన్ వైడెన్. ముగ్గురూ దేశవ్యాప్త చట్టబద్ధతను కోరేవారే. వారి వాదనలో బలం లేదని నేను అనను. గంజాయి దగ్గర ఉన్నందుకు అరెస్టయ్యే అవకాశం తెల్లవారి కంటే నల్లవారికి మూడున్నర రెట్లకు పైగా ఎక్కువని పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ రెండుసార్లు, 2013లోనూ 2020లోనూ, లెక్కకట్టి చూపింది. వాడకంలో ఇద్దరికీ పెద్ద తేడా లేదు. ఇంతమంది బతుకుల మీద నేరముద్ర పడి ఉండగా, ముందు పెట్టుబడిదారుల బ్యాంకు ఖాతా సమస్య తీర్చి పంపిస్తే, తరువాత నేరముద్ర చెరిపే బిల్లుకు ఒత్తిడి తెచ్చేవారు ఎవరు మిగులుతారు? అది వారి ప్రశ్న.

అయితే రెండో వైపు చూడండి. శిక్షలు చెరిపి, గంజాయిని షెడ్యూళ్ళ నుంచే తీసేసి, పన్ను వేసి, ఆ పన్నును నష్టపోయిన సమాజాలకు ఖర్చు పెట్టే మోర్ బిల్లును ప్రతినిధుల సభ 2020 డిసెంబరులో 228–164తో, 2022 ఏప్రిల్‌లో 220–204తో ఆమోదించింది. ఓట్ల సంఖ్య గమనించారా? బ్యాంకింగ్‌కు వచ్చిన ఆధిక్యం నేరముద్ర చెరిపే బిల్లుకు లేదు. సెనేట్‌లో ఫిలిబస్టర్, అంటే చర్చను సాగదీసి బిల్లును ఆపే పద్ధతి, దాటడానికి 100లో 60 ఓట్లు కావాలి. న్యాయం చేర్చితే రిపబ్లికన్ ఓట్లు పోతాయి, న్యాయం తీసేస్తే డెమోక్రాట్ల ఓట్లు పోతాయి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. దక్షిణ కరోలినా రిపబ్లికన్ ప్రతినిధి నాన్సీ మేస్ 2021లో తక్కువ పన్నుతో, రాష్ట్రాలకు ఎక్కువ అధికారంతో ఒక మధ్యేమార్గం బిల్లు పెట్టారు. దాన్ని అటూ ఇటూ మెచ్చుకున్నారు, ఎవరూ ముందుకు నడపలేదు.

ఇంకో పక్షం ఉంది. వారి గురించి బహిరంగంగా ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఫెడరల్ నిషేధం వల్ల గంజాయి రాష్ట్ర సరిహద్దు దాటకూడదు. కాబట్టి ప్రతి రాష్ట్రం ఒక మూసిన గది. అక్కడే పండించాలి, అక్కడే అమ్మాలి. లైసెన్సులు తక్కువ ఇచ్చే రాష్ట్రంలో, తీసుకున్నవాడికి పోటీ ఉండదు. ఒరెగాన్‌లో లైసెన్సులు విచ్చలవిడిగా ఇచ్చారు, పంట రాష్ట్రం వాడగలిగినదానికి మించి పండింది, ధరలు కూలాయి. రేపు సరిహద్దులు తెరుచుకుంటే ఒరెగాన్, కాలిఫోర్నియాల చవక సరుకు న్యూజెర్సీకి, ఇలినాయికి వస్తుంది. అప్పుడు అక్కడ గోదాములు కట్టి, కరెంటు దీపాల కింద ఖరీదుగా పండించేవారి పెట్టుబడి ఏమవుతుంది? అందుకే ఒరెగాన్ 2019లోనూ, కాలిఫోర్నియా 2022లోనూ ఫెడరల్ అనుమతి వస్తే సరుకు పంపుతామని ముందుగానే చట్టాలు చేసుకుని కూర్చున్నాయి. కొనవలసిన రాష్ట్రాల నుంచి అంతటి ఉత్సాహం కనిపించదు. అక్కడి ప్రభుత్వాలకు కూడా తమ రైతు, తమ ఉద్యోగాలు, తమ పన్ను ఉన్నాయి. నల్లవారికి, గతంలో శిక్ష పడినవారికి ప్రాధాన్యంతో ఇచ్చిన కొత్త లైసెన్సుదారులు కూడా ఒక్కసారిగా వచ్చే జాతీయ పోటీని తట్టుకోలేరు. ఇది దురాశ అని కొట్టిపారేయకండి. ఒక చట్టం ఇచ్చిన గోడను నమ్మి ఇల్లు కట్టుకున్నవారు, ఆ గోడను కూల్చమని తామే అడగరు.

ఇప్పుడు నేను చెప్పబోయేది వింటే మీరు నవ్వుతారేమో. ఇంత గొడవ జరుగుతుండగా, మత్తునిచ్చే గంజాయి పదార్థాలు ఈ దేశంలో దాదాపు అంతటా ఒకసారి చట్టబద్ధమైపోయాయి, అదీ ఎవరూ అనుకోకుండా. 2018 డిసెంబరులో వ్యవసాయ బిల్లు వచ్చింది. కెంటకీ సెనేటర్ మిచ్ మెకానెల్ తన రాష్ట్రంలో పొగాకు తగ్గిన రైతుకు హెంప్, అంటే మత్తు చాలా తక్కువగా ఉండే గంజాయి రకం, పంట ఆసరా అవుతుందని పట్టుబట్టి అందులో ఒక నిర్వచనం పెట్టించారు. ఎండు బరువులో, గంజాయిలో మత్తునిచ్చే ప్రధాన పదార్థమైన డెల్టా-9 టీహెచ్‌సీ 0.3 శాతానికి మించని మొక్క, దాని నుంచి తీసిన ప్రతి పదార్థమూ హెంపే, నియంత్రిత పదార్థం కాదు. మొక్క వరకు ఈ లెక్క బాగానే ఉంది. కానీ నాలుగు గ్రాముల బరువున్న ఒక తీపి బిళ్ళకు ఈ లెక్క వేయండి. 0.3 శాతం అంటే 12 మిల్లీగ్రాములు. కెనడాలో పూర్తి నియంత్రణ కింద అమ్మే తినుబండారాల ప్యాకెట్‌కు, ప్యాకెట్ మొత్తానికి, పరిమితి 10 మిల్లీగ్రాములు! హెంప్‌లోని మత్తునివ్వని సీబీడీ అనే పదార్థాన్ని రసాయనశాలలో మార్చి తీసిన, మత్తునిచ్చే డెల్టా-8 టీహెచ్‌సీ అయితే ఆ 0.3 శాతం లెక్కలోకే రాదు. అది ఈ నిర్వచనంలోకి వస్తుందని 2022లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు కూడా అన్నది. ఇంకేముంది, పెట్రోలు బంకుల్లో, ఇంటర్నెట్‌లో అమ్మకాలు సాగాయి. ఫెడరల్ వయోపరిమితి లేదు, ఫెడరల్ ఎక్సైజు లేదు.

దీన్ని సరిచేయడానికి ఏమి చేశారు? నియంత్రణ రాశారా? లేదు. 2025 నవంబరులో, నిధులు ఆమోదం కాక ఆగిపోయిన ప్రభుత్వ పనులను తిరిగి మొదలుపెట్టించిన వ్యయ బిల్లులో నిర్వచనాన్ని మార్చి, ఒక్కో డబ్బాలో మొత్తం టీహెచ్‌సీ 0.4 మిల్లీగ్రాములకు మించరాదన్నారు, ఏడాది గడువు ఇచ్చారు. మార్పు కోరినవారిలో ముందున్నది అదే మెకానెల్. వ్యతిరేకించినవారిలో ముందున్నది అదే కెంటకీకి చెందిన, అదే పార్టీకి చెందిన రెండో సెనేటర్ ర్యాండ్ పాల్. అంతకు కొద్ది నెలల ముందు టెక్సస్‌లో శాసనసభ ఇటువంటి నిషేధాన్ని ఆమోదిస్తే గవర్నర్ గ్రెగ్ ఆబట్ వీటో చేసి, నిషేధం వద్దు నియంత్రణ కావాలన్నారు. టెక్సస్ గవర్నర్! గంజాయి రాజకీయాన్ని పార్టీ రంగులతో కొలిచేవారికి ఈ రెండు సంఘటనలు చాలు. పూర్తి నిషేధానికీ, పూర్తి నిర్లక్ష్యానికీ మధ్య ఉన్న చోటు, వయసు చూసి, బలం కొలిచి, పన్ను వేసి అమ్మనిచ్చే చోటు, ఫెడరల్ స్థాయిలో ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

కెనడా ఎలా చేసింది అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు, కాబట్టి ముందే చెబుతాను. కెనడాలో క్రిమినల్ చట్టం పూర్తిగా ఫెడరల్ పార్లమెంటు చేతిలో ఉంటుంది, ప్రావిన్సులకు ఉండదు. జస్టిన్ ట్రూడో 2015 ఎన్నికలలో వాగ్దానం చేశారు, సంపూర్ణ ఆధిక్యంతో గెలిచారు, 2018 అక్టోబరు 17న అమ్మకాలు మొదలయ్యాయి. ఒకే చట్టం, ఒకే తేదీ. సాగు, నాణ్యత, ప్యాకింగ్ ఫెడరల్ ప్రభుత్వానివి. దుకాణం ఎవరు పెట్టాలి అన్నది ప్రావిన్సులది. కనీస వయసు ఫెడరల్ చట్టంలో 18 అయితే, చాలా ప్రావిన్సులు 19 పెట్టుకున్నాయి, క్విబెక్ 21 పెట్టుకుంది, దుకాణాలు కూడా అక్కడ ప్రభుత్వానివే. అమెరికా వ్యవస్థలో ఇటువంటిది సాధ్యం కాదని కాదు, కానీ ఇంత చక్కగా ఒక్క ఊపులో సాధ్యం కాదు. కెనడా కూడా ఒక చోట దెబ్బతిన్నది. గ్రాము పది డాలర్లు ఉంటుందనుకుని గ్రాముకు ఒక డాలరు లేదా పది శాతం, ఏది ఎక్కువైతే అది, ఎక్సైజు వేశారు. ధర పడిపోయింది, డాలరు మాత్రం డాలరుగానే ఉంది. చిన్న సాగుదారులు ఆ పన్ను కింద నలిగిపోయారు.

ఉరుగ్వే 2013లోనే చట్టం చేసి ప్రపంచంలో మొదటి దేశమైంది. మందుల దుకాణాలలో అమ్మకం 2017లో మొదలవగానే ఏమైందో తెలుసా? ఆ దుకాణాల ఖాతాలను అక్కడి బ్యాంకులు మూసేస్తామన్నాయి. కారణం అమెరికా. అమెరికా బ్యాంకులతో లావాదేవీలున్న బ్యాంకు ఏదైనా సరే అమెరికా ఫెడరల్ చట్టానికి భయపడాలి. ఒక సార్వభౌమ దేశం తన చట్టం ప్రకారం తాను నడుచుకోబోతే, ఇక్కడి 1970 నాటి షెడ్యూలు అక్కడి మందుల షాపు గల్లాపెట్టెను పట్టుకుంది. ఇక థాయిలాండ్ 2022లో ముందు జాబితా నుంచి తీసేసి, నియంత్రణ చట్టం తరువాత చేద్దామనుకుంది. ఆ చట్టం పార్లమెంటులో కుదరలేదు, వీధివీధిన దుకాణాలు వచ్చాయి, 2025లో మళ్ళీ వైద్యుడి చీటీ ఉండాలన్న నియమానికి వెనుదిరిగింది. నియమాలు రాయకముందే తలుపు తీస్తే ఇదీ జరిగేది.

ఇప్పుడు గంజాయిని మొదటి షెడ్యూలు నుంచి మూడోదానికి మార్చే ప్రయత్నం గురించి. 2022 అక్టోబరులో బైడెన్ ఫెడరల్ చట్టం కింద కేవలం దగ్గర ఉంచుకున్న నేరానికి శిక్ష పడినవారికి క్షమాభిక్ష ప్రకటించి, షెడ్యూలును సమీక్షించమన్నారు. ఆరోగ్యశాఖ 2023 ఆగస్టులో మూడో షెడ్యూలుకు మార్చమని సిఫారసు చేసింది. 2024 మేలో న్యాయశాఖ ముసాయిదా నియమం ఇచ్చింది. విచారణ వాయిదా పడింది. 2025 డిసెంబరు 18న అధ్యక్షుడు ట్రంప్ ఆ పనిని త్వరగా ముగించమని ఉత్తర్వు ఇచ్చారు. ఇద్దరు అధ్యక్షులు, రెండు పార్టీలు, ఒకే దిశ. అయితే దీన్ని చట్టబద్ధత అని పొరపడకండి. మూడో షెడ్యూలుకు మారితే 280ఈ భారం తొలగుతుంది, పరిశోధన సులువవుతుంది. కానీ మూడో షెడ్యూలు మందును ఆహార, ఔషధ సంస్థ ఆమోదించి ఉండాలి, వైద్యుడి చీటీ మీద అమ్మాలి. రాష్ట్ర లైసెన్సు ఉన్న దుకాణం ఫెడరల్ దృష్టిలో అప్పటికీ చట్టవిరుద్ధమే. లాభం ప్రధానంగా పన్ను కట్టేవారికి. జైలుకు వెళ్ళినవాడికి దానివల్ల ఏమీ రాదు.

ఈ సభలో గ్రీన్ కార్డు కోసం, పౌరసత్వం కోసం ఎదురుచూస్తున్నవారు చాలామంది ఉన్నారు కనుక ఇంకో మాట చెప్పకుండా ముందుకు పోలేను. మీ రాష్ట్రంలో గంజాయి చట్టబద్ధం కావచ్చు. ఇమ్మిగ్రేషన్ చట్టం ఫెడరల్. రాష్ట్రంలో అనుమతి ఉన్నా సరే గంజాయి వాడకం, ఆ పరిశ్రమలో ఉద్యోగం కూడా, పౌరసత్వానికి కావలసిన సత్ప్రవర్తనకు అడ్డు కావచ్చని ఇమ్మిగ్రేషన్ శాఖ 2019 ఏప్రిల్‌లో రాతపూర్వకంగా చెప్పింది. శిక్ష పడనవసరం లేదు, అధికారి అడిగినప్పుడు వాడానని ఒప్పుకోవడమే ఇబ్బంది తేగలదు. షెడ్యూలు ఒకటి నుంచి మూడుకు మారినంత మాత్రాన ఇది మారదు. దుకాణం బోర్డు మీద రాష్ట్ర ప్రభుత్వ ముద్ర చూసి ధైర్యపడేది పౌరుడు. మీరు ధైర్యపడకండి.

మరి నువ్వయితే ఏ చట్టం రాస్తావు అని నన్ను అడగవచ్చు. నేనైతే షెడ్యూళ్ళ నుంచి పూర్తిగా తీసి, 1933లో మద్య నిషేధం ఎత్తేసినప్పుడు చేసినట్టు, వద్దనుకునే రాష్ట్రానికి వద్దనే హక్కు ఉంచుతాను. ఆ హక్కుతోనే మిసిసిపీ 1966 దాకా మద్యం వద్దని కూర్చుంది, దేశం మునిగిపోలేదు. వయసు, ప్రయోగశాల పరీక్ష, తినుబండారాలలో గరిష్ఠ మోతాదు, ప్రకటనల హద్దులు ఫెడరల్ నియమాలుగా ఉంచుతాను. పన్నును ధర మీద వేయను, బరువు మీద వేయను, టీహెచ్‌సీ బలం మీద వేస్తాను, మద్యానికి వేసినట్టుగా. మొదట తక్కువగా మొదలుపెట్టి, దొంగ వ్యాపారం తగ్గే కొద్దీ పెంచుతాను. రాష్ట్ర సరిహద్దులను వెంటనే తెరవను, గడువు పెట్టి తెరుస్తాను, లేకపోతే చిన్న లైసెన్సుదారులు తెల్లవారేసరికి ఉండరు. పాత ఫెడరల్ శిక్షలను దరఖాస్తు అడగకుండా చెరిపేస్తాను, ఎందుకంటే దరఖాస్తు పెట్టమంటే న్యాయవాది ఉన్నవాడికే చెరుగుతుంది. ఈ బిల్లుకు సెనేట్‌లో ఈ రోజు 60 ఓట్లు వస్తాయా అంటే, రావు. అయితే హెంప్ గడువు 2026 నవంబరులో ముగుస్తుంది. ఈలోగా రైతులు, పానీయాల కంపెనీలు, వాటిని అమ్ముకునే మద్యం దుకాణాలవారు తమ సెనేటర్ల దగ్గరికి వెళ్ళి, నిషేధం వద్దు, వయసుతో, మోతాదుతో, పన్నుతో నియంత్రించండి అని అడుగుతారు. ఎరుపు రాష్ట్రాల, అంటే రిపబ్లికన్లు బలంగా ఉన్న రాష్ట్రాల, సెనేటర్లకు ఈ మాట ఇంతగా తమ సొంత ఓటర్ల నోటి నుంచి వినబడటం కొత్త. ఇప్పుడు మీ ప్రశ్నలు తీసుకుంటాను, మొదట వెనుక వరుసలవారు అడగండి.